సమ్మతి సంతకం ఎవరిది?

ఖమ్మం టీకా ఉదంతం నుంచి నేటి నిబంధనల వరకు

ఖమ్మం: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా మేలైనదేనని నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుకొని జిల్లా స్థాయి వైద్యుల వరకు చెబుతున్నారు. 2024 నాటి కేంద్ర మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్న ప్రకటన కూడా వెలువడింది. అయినా ఈ టీకా ప్రస్తావన వచ్చినప్పుడల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి. కారణం టీకా గుణదోషాలు కావు. పదిహేనేళ్ల క్రితం ఆ టీకాను ఇక్కడి పిల్లలకు వేసిన తీరు.

2009 జులై 9న నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఆ కార్యక్రమం ఆరంభమైంది. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని చేపట్టాయి. నిధులు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ నుంచి వచ్చాయి. టీకాను మాత్రం దాని తయారీదారైన మెర్క్ సమకూర్చింది. గార్డసిల్ పేరిట విక్రయమవుతున్న ఆ టీకాను పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు బాలికలు సుమారు 14 వేల మందికి మూడు విడతలుగా వేయాలన్నది ప్రణాళిక. అదే ఏడాది ఆగస్టులో గుజరాత్‌లోని వడోదరలో గ్లాక్సో సంస్థ టీకా సెర్వారిక్స్‌తో మరో పదివేల మందిపై ఇటువంటి కార్యక్రమమే మొదలైంది. భారత్‌తో పాటు పెరూ, ఉగాండా, వియత్నాం దేశాలనూ ఇందుకు ఎంచుకున్నారు.

ఖమ్మంలో టీకా వేసుకున్న వారిలో గిరిజన బాలికలు గణనీయంగా ఉన్నారు. ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో ఉండి చదువుకునే పిల్లలకు తల్లిదండ్రులు అందుబాటులో ఉండరు. ఒకేచోట వందల మంది దొరుకుతారు కనుక టీకా వేసేవారికి పని సులువు. ఈ సౌలభ్యమే తరువాత వివాదానికి మూలమైంది.

టీకా కార్యక్రమం సాగుతుండగానే కొందరు బాలికలు మరణించారన్న వార్తలు వెలువడ్డాయి. 2010 మార్చిలో సామ అనే మహిళా ఆరోగ్య సంస్థ ప్రతినిధులు భద్రాచలం ప్రాంతంలో పర్యటించి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏ టీకా వేశారో, ఎందుకు వేశారో చాలామందికి తెలియదన్న సంగతి అప్పుడు వెలుగులోకి వచ్చింది. ఆందోళనలు పెరగడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని నియమించింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. అందులో అయిదుగురు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు.

మరణాలకు కారణమేమిటి?

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ బాలికలు టీకా వల్లనే మరణించారని ఏ విచారణా తేల్చలేదు. నీట మునగడం, పురుగుల మందు తాగడం, పాముకాటు, జ్వరం వంటి కారణాలను అధికారులు నమోదు చేశారు. కేంద్రం నియమించిన సంఘం 2011లో ఇచ్చిన నివేదికలోనూ ఈ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువేనని పేర్కొంది. ఆ తరువాతి కాలంలో ప్రపంచవ్యాప్తంగా కోట్లాది మంది ఈ టీకాలు వేసుకున్నారు. భద్రత విషయంలో వాటికి మంచి పేరే ఉంది.

అయితే కారణం తేల్చిన పద్ధతి సక్రమంగా ఉందా అన్నది వేరే ప్రశ్న. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదిక ఈ ప్రశ్ననే గట్టిగా లేవనెత్తింది. టీకా అనంతర దుష్ఫలితాలను కనిపెట్టి ఉండే స్వతంత్ర పర్యవేక్షణ యంత్రాంగమేదీ లేదని, మరణాల విషయంలో తగినంత లోతైన దర్యాప్తు జరగకుండానే నిర్ధారణలకు వచ్చారని తప్పుపట్టింది. వేల మంది పిల్లలను కొన్నేళ్లపాటు గమనిస్తే, ఏ మందూ వేయకపోయినా, వారిలో కొందరు ఏదో ఒక కారణంతో మరణించడం దురదృష్టవశాత్తు సంభవమే. ఆ మరణాలకు మందుతో సంబంధం ఉందో లేదో తేల్చడానికే పర్యవేక్షణ కావాలి. అది లేనప్పుడు టీకా నిర్దోషి అయినా ఆ సంగతిని తల్లిదండ్రులకు నమ్మకంగా చెప్పగలిగేవారు ఉండరు. ఖమ్మంలో జరిగింది ఇదే.

9,543 పత్రాలు

స్థాయీ సంఘం నివేదికలో అందరినీ కలచివేసిన భాగం సమ్మతి పత్రాలకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలను లెక్కించగా 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నాయి. మరో 2,763 పత్రాలపై వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. అంటే ప్రతి పది పత్రాల్లో దాదాపు మూడింటిపై సంతకం తల్లిదండ్రులది కాదు. తల్లిదండ్రుల తరఫున ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేయాలని రాష్ట్ర ప్రభుత్వమే ఆదేశించడాన్ని సంఘం తీవ్రంగా ఆక్షేపించింది. విడిగా పరిశీలించిన 100 పత్రాల్లో 69 పత్రాలపై సాక్షి సంతకం లేదు. అనేక పత్రాలపై తేదీ లేదు. ఒకే వ్యక్తి ఏడు పత్రాలపై సంతకం చేసిన సందర్భమూ ఉంది.

వేలిముద్ర ఉండటమే నేరం కాదు. చదువురాని వారికి కూడా తమ బిడ్డ విషయంలో నిర్ణయం తీసుకునే తెలివి, హక్కు ఉన్నాయి. అందుకే చదవలేని వ్యక్తి సమ్మతి తెలిపే సమయంలో ప్రయోగంతో సంబంధం లేని ఒక తటస్థ సాక్షి మొదటి నుంచి చివరి వరకు పక్కనే ఉండాలని, విషయమంతా వివరించారని నమ్మిన తరువాతే ఆయన సంతకం చేయాలని నిబంధన పెట్టారు. వేలిముద్ర ఉండి సాక్షి లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. కాగా వార్డెన్ సంగతి మరీ విచిత్రం. పిల్లకు అన్నం పెట్టే బాధ్యత, చదివించే బాధ్యత ఆయనకు ప్రభుత్వం అప్పగించింది. ఒంట్లోకి కొత్త మందు ఎక్కించేందుకు ఒప్పుకునే అధికారాన్ని ఏ తల్లీ ఆయనకు ఇవ్వలేదు. పైగా ఆయన ప్రభుత్వోద్యోగి. పై నుంచి ఆదేశం వస్తే కాదనే స్థితిలో ఉండరు.

ప్రయోగమా, పథకమా?

ఇంత జరగడానికి అసలు కారణం ఒక నిర్వచనంలో ఉంది. గార్డసిల్‌కు 2008లోనే దేశంలో అనుమతి లభించింది కనుక ఇది ఔషధ ప్రయోగం కానే కాదని, అనుమతి పొందిన టీకాను ప్రజారోగ్య వ్యవస్థ ద్వారా ఎలా అందించవచ్చో పరిశీలించే ప్రదర్శన కార్యక్రమం మాత్రమేనని పాత్ సంస్థ వాదించింది. స్థాయీ సంఘం ఈ వాదనను అంగీకరించలేదు. మనుషులపై సమాచారం సేకరిస్తూ, సమ్మతి పత్రాలు తీసుకుంటూ జరిపిన కార్యక్రమం ప్రయోగం కాకుండా ఎలా పోతుందని ప్రశ్నించింది.

సామాన్యుడికి ఇది మాటల గారడీలా తోచవచ్చు. కానీ ఫలితం చాలా పెద్దది. ప్రయోగమైతే పాల్గొన్నవారికి బీమా ఉండాలి, దుష్ఫలితాలను నిర్ణీత గడువులో నివేదించాలి, నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. ప్రభుత్వ టీకా పథకమైతే ఇవేవీ అదే రూపంలో వర్తించవు. ఖమ్మంలో కార్యక్రమం రెండింటి మధ్యా నిలిచిపోయింది. ప్రజలకు ప్రభుత్వ పథకంలాగే కనిపించింది. పత్రాలపై జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చిహ్నం వాడటాన్ని కూడా సంఘం తప్పుపట్టింది. పోలియో చుక్కలు వేసే ఏఎన్ఎం వచ్చి టీకా వేస్తుంటే అది విదేశీ సంస్థ అధ్యయనమని మన్యంలోని తల్లి ఎలా ఊహించగలదు? పోలియో, తట్టు టీకాలపై దశాబ్దాలుగా కూడగట్టుకున్న విశ్వాసాన్ని ఇక్కడ అరువు తెచ్చుకున్నారు. వివాదం చెలరేగాక ఆ విశ్వాసానికీ గండి పడింది.

సాధారణంగా కొత్త మందు మనుషుల్లో నాలుగు దశల్లో పరీక్షకు లోనవుతుంది. జంతువులపై పరీక్షలు ముగిశాక మొదటి దశలో కొద్దిమందికి, ఎక్కువగా ఆరోగ్యవంతులకు, ఇచ్చి భద్రతను, మోతాదును చూస్తారు. రెండో దశలో వందలాది మందిపై, మూడో దశలో వేలాది మందిపై పనితనాన్ని పరీక్షిస్తారు. అనుమతి లభించి మార్కెట్‌లోకి వచ్చిన తరువాత జరిగే పరిశీలనే నాలుగో దశ. సంస్థలు, ప్రభుత్వాలు కాస్త ఉదాసీనంగా ఉండేది ఈ చివరి దశలోనే. మందుకు ఎలాగూ అనుమతి ఉంది కదా అన్న ధీమా అందుకు కారణం.

ఒక్క డోసు రుజువైన వైనం

ఈ ఉదంతంలో చాలామందికి తెలియని మలుపు ఒకటుంది. ఖమ్మం, వడోదర కార్యక్రమాలతో సంబంధం లేకుండా అదే 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో దేశంలోని పలుచోట్ల మరో హెచ్‌పీవీ అధ్యయనం మొదలైంది. మూడు డోసులకు బదులు రెండు సరిపోతాయా అన్నది దాని ప్రశ్న. 2010 ఏప్రిల్‌లో కేంద్రం హెచ్‌పీవీ టీకాల అధ్యయనాలన్నింటినీ ఆపేయడంతో ఇదీ మధ్యలో నిలిచిపోయింది. ఫలితంగా సుమారు 17 వేల మంది బాలికల్లో దాదాపు అయిదు వేల మందికి ఒకే డోసు అందింది. పరిశోధకులు వారిని వదిలిపెట్టక పదేళ్లపాటు గమనించారు. క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన 16, 18 రకాల వైరస్‌లు ఒంట్లో తిష్ఠవేయకుండా ఒక్క డోసు 95.4 శాతం రక్షణ ఇచ్చిందని, రెండు, మూడు డోసులు వేసుకున్నవారిలోనూ ఇంచుమించు అంతే ఉందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు విధానానికి ఆమోదం తెలపడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి.

అంటే ఖమ్మంలో రేగిన వివాదం వల్ల ఆగిపోయిన అధ్యయనమే పేద దేశాలకు టీకా ఖర్చును తగ్గించే దారి చూపింది. ఇది కాకతాళీయం మాత్రమే. దీనిని చూపి నాటి లోపాలను సమర్థించబోవడం తగదు. మరోవైపు నష్టం కూడా తక్కువేమీ కాదు. దేశంలో 2020లో సుమారు 1.23 లక్షల మంది మహిళలకు ఈ క్యాన్సర్ సోకిందని, 77 వేల మంది మరణించారని అంతర్జాతీయ అంచనా. 2018లో సిక్కిం వంటి చిన్న రాష్ట్రం బాలికలందరికీ టీకా వేయగలిగింది. 2022లో సీరం సంస్థ తయారుచేసిన సెర్వావాక్‌కు అనుమతి లభించింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో ఆగిన టీకా మాట ఏళ్ల తరబడి ఎత్తినవారు లేరు. వార్డెన్ సంతకంతో ఆదా చేసిన కొద్ది గంటల శ్రమకు సమాజం చెల్లించిన మూల్యం అది.

పిడుగురాళ్ల నుంచి జమ్మికుంట వరకు

టీకాల సంగతి అలా ఉంచితే, తెలుగు జిల్లాల నుంచి ఎక్కువమంది వెళ్లేది మరో రకం పరీక్షలకు. వీటిని బయో ఈక్వివలెన్స్, పొట్టిగా బీఈ పరీక్షలంటారు. పేటెంటు గడువు తీరిన మందును మరో కంపెనీ తయారు చేసినప్పుడు అది అసలు మందుతో సమానంగా రక్తంలో కలుస్తుందో లేదో నిరూపించాలి. ఇందుకు ఆరోగ్యవంతులను తీసుకొచ్చి, పరిశోధన కేంద్రంలోనే ఉంచి, ఒకసారి అసలు మందు, కొంత విరామం తరువాత కొత్త మందు ఇస్తారు. చేతికి సూది అమర్చి గంటల వ్యవధిలో పలుమార్లు రక్తం తీస్తారు. రెండింటి మోతాదుల నిష్పత్తి 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉంటే మందు గట్టెక్కినట్లే. హైదరాబాద్, బెంగళూరు, అహ్మదాబాద్ ఈ పరిశ్రమకు కేంద్రాలు. చౌక మందులు తయారు చేసి ప్రపంచానికి అందించే హైదరాబాద్ ఔషధ రంగానికి ఈ పరీక్షలు లేనిదే అడుగు ముందుకు పడదు.

వీటిలో పాల్గొనేవారికి రోగం ఉండదు, చికిత్స అవసరం ఉండదు. కాలయాపనకు, శ్రమకు ఇచ్చే డబ్బే ఆకర్షణ. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన నిరుపేద మహిళలను హైదరాబాద్‌లోని ఒక పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి రొమ్ము క్యాన్సర్ మందుపై ఇటువంటి పరీక్ష జరిపారని, తాము ఏ మందు మింగామో తెలియలేదని బాధితులు వాపోయారని వార్తలు రావడంతో కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం చర్యలకు దిగింది. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంతం యువకులు డబ్బుకోసం పొరుగు రాష్ట్రంలోని పరిశోధన కేంద్రాలకు వెళ్తున్నారని, కొందరి ఆరోగ్యం దెబ్బతిన్నదని ఆరోపణలు వచ్చాయి.

ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య సాధారణంగా మూడు నెలల విరామం పాటించాలంటారు. అవసరం గట్టిదైనప్పుడు ఆ విరామాన్ని దాచిపెట్టి మరో కేంద్రానికి వెళ్లేవారుంటారు. దీనివల్ల మనిషి ఆరోగ్యానికి ముప్పు ఒకటైతే, ఒంట్లో మిగిలిన పాత మందు కారణంగా పరీక్ష ఫలితమే తప్పుదారి పట్టడం రెండోది. ఆ ఫలితం ఆధారంగా మార్కెట్‌లోకి వచ్చే మాత్రను మింగేది మళ్లీ సామాన్య జనమే.

న్యాయస్థానం జోక్యం

2005 నుంచి 2012 వరకు 475 కొత్త మందుల ప్రయోగాల్లో 2,644 మంది మరణించారని, అందులో 80 మరణాలు మాత్రమే ప్రయోగాల వల్ల సంభవించాయని కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. మొదటి సంఖ్యను చూసి భయపడటం తేలిక. చివరి దశ క్యాన్సర్, గుండె జబ్బు రోగులు కూడా ప్రయోగాల్లో పాల్గొంటారు కనుక మరణాలన్నీ మందు ఖాతాలో వేయడం సబబు కాదు. అయితే 2,644లో 80 అని తేల్చింది ఎవరన్న సందేహానికి మాత్రం సమాధానం కావాలి. ప్రయోగం జరిపే వైద్యుడు, డబ్బు పెట్టే కంపెనీ ఇచ్చిన నివేదికలే ఆ లెక్కకు చాలావరకు పునాది.

సుప్రీంకోర్టు ఆగ్రహం తరువాత 2013లో పరిహారం, నైతిక సంఘాల నమోదు తప్పనిసరి చేస్తూ నిబంధనలు వచ్చాయి. ఖమ్మం ఉదంతంపై దాఖలైన వ్యాజ్యం మరో రాజ్యాంగ ప్రశ్నకు దారితీసింది. పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికను న్యాయస్థానంలో ఆధారంగా చూపవచ్చా అన్న అంశంపై అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తీర్పు చెబుతూ, నివేదికను పరిశీలించవచ్చని, అయితే దాని సాధికారతను కోర్టులో సవాలు చేయరాదని స్పష్టం చేసింది. మన్యం పిల్లల చేతికి వేసిన సూది గురించి మొదలైన వాదన శాసన, న్యాయ వ్యవస్థల సరిహద్దుల దాకా సాగింది.

2019 మార్చి 19న వెలువడిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కాగితం మీద చాలా మెరుగైనవి. తీవ్ర దుష్ఫలితం తలెత్తితే 24 గంటల్లో నివేదించాలి. గాయపడినవారికి ప్రయోగం జరిపించే సంస్థే ఉచితంగా చికిత్స చేయించాలి. మరణానికి ప్రయోగమే కారణమని తేలితే వయసు, ఆరోగ్య స్థితి ఆధారంగా సూత్రం ప్రకారం పరిహారం చెల్లించాలి. మూల మొత్తం 8 లక్షలు. పదహారేళ్ల లోపు ఆరోగ్యవంతురాలైన బాలిక విషయంలో ఇది సుమారు 73.6 లక్షలు అవుతుంది. 65 ఏళ్లు దాటిన, వ్యాధి బాగా ముదిరిన రోగి విషయంలో నాలుగు లక్షల వరకు ఉంటుంది. అయితే ఖమ్మం కార్యక్రమం వంటిదాన్ని నేడు కూడా ఎవరైనా పథకమని పేరు పెట్టి నడిపితే ఈ సూత్రం వర్తిస్తుందా అన్న చిక్కు అలాగే ఉంది.

నైతిక సంఘాల సంగతీ చూడాలి. కనీసం ఏడుగురు సభ్యులు, అందులో సగం మంది సంస్థతో సంబంధం లేనివారు, ఒక సామాన్య పౌరుడు, ఒక న్యాయ నిపుణుడు, ఒక మహిళ తప్పక ఉండాలి. ప్రయోగం జరిగే చోట సంఘం లేకపోతే అదే నగరంలోనిదో, 50 కిలోమీటర్ల లోపుదో చూసుకోవచ్చు. భద్రాచలానికి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్ల దూరం. ప్రయోగ కేంద్రాన్ని నగరంలో ఉంచి మనుషులను పల్లెల నుంచి రప్పించే చోట ఈ 50 కిలోమీటర్ల నియమం ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించాల్సిందే. బలహీన వర్గాల వారి సమ్మతిని వీడియో తీయాలన్న నియమం కూడా సరికొత్త రసాయన ఔషధాల ప్రయోగాలకే పరిమితం. జమ్మికుంట యువకులు వెళ్లిన తరహా బీఈ పరీక్షల్లో అధికభాగం పాత మందులవే కనుక కెమెరా వారిదాకా రాదు.

డాక్టర్లే తటపటాయించిన వేళ

సమ్మతి పత్రం విలువ చదువుకున్నవారికి బాగా తెలిసివచ్చింది కోవిడ్ కాలంలో. హైదరాబాద్ శివారులోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్ తొలి దశ ప్రయోగం 2020 జులైలో నిమ్స్ సహా 11 ఆస్పత్రుల్లో 375 మందిపై మొదలైంది. అదే ఏడాది నవంబరులో 25,800 మందితో మూడో దశ ఆరంభమైంది. దాని ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న క్లినికల్ ట్రయల్ పద్ధతిలో అన్న షరతుతో అత్యవసర అనుమతి ఇచ్చారు. దీంతో కొవాగ్జిన్ వేసుకునే ప్రతి ఆరోగ్య కార్యకర్తా సమ్మతి పత్రంపై సంతకం చేయాల్సి వచ్చింది. ఢిల్లీలోని ఓ పెద్ద ప్రభుత్వాస్పత్రి రెసిడెంట్ డాక్టర్లు తమకు మరో టీకా ఇవ్వాలని లిఖితపూర్వకంగా కోరారు. ఆ షరతును మార్చిలో తొలగించారు. తరువాత మూడో దశ ఫలితాల్లో టీకా సామర్థ్యం 77.8 శాతంగా తేలింది.

టీకా పనిచేసింది. అయినా వివరాలు చూపనిదే సంతకం చేయబోమని అడిగే హక్కు వైద్యులకు ఉన్నట్లే కోయ గూడెంలోని తల్లికీ ఉంది. వైద్యులు అడగగలిగారు, ఆమె తరఫున వార్డెన్ సంతకం చేశాడు. తేడా అంతే.

ప్రయోగానికి రమ్మని ఎవరైనా పిలిచినప్పుడు జిల్లావాసులు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సమాచార పత్రం తెలుగులో ఉండాలి, దాని ప్రతి ఒకటి పాల్గొనేవారి చేతికి ఇవ్వాలి. అందులో పరిశోధకుడి పేరు, నైతిక సంఘాన్ని సంప్రదించే వివరాలు ఉండాలి. కొత్త మందుల ప్రయోగాలకు 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందస్తు నమోదు తప్పనిసరి. ఆ సంఖ్యతో ఇంటర్నెట్‌లో ఎవరైనా వివరాలు చూడవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని వారి విషయంలో తల్లిదండ్రుల సంతకంతో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారమూ అవసరం. ఎప్పుడైనా కారణం చెప్పకుండానే ప్రయోగం నుంచి తప్పుకోవచ్చు. అలా తప్పుకున్నంత మాత్రాన ఆస్పత్రిలో అందే వైద్యం ఆపడానికి వీల్లేదు.